ఆడి నెలలో కదలని గూడు

మా వైపు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఎవరూ ఇల్లు మారరు. ఇంటి యజమాని గొడవపడి పొమ్మన్నా సరే, తర్వాతి నెల ఆవణి పుట్టేదాకా కాళ్లు పట్టుకునైనా అక్కడే ఉంటారు. పెళ్లిళ్లు పెట్టుకోరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు, కొత్త కోడళ్లను పుట్టింటికి పంపేస్తారు. తమిళనాడులో ధర్మపురి జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, ఇవన్నీ నాకు తెలుసు. ఈ నియమం కోళ్ల గూటికి కూడా ఉంటుందని మాత్రం మా అత్త చెప్పేదాకా తెలియదు. ఆమె చెప్పినప్పుడు నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మా అత్త పెళ్లితో వచ్చిన అత్త కాదు, పుట్టుకతో వచ్చిన అత్త. మా నాన్నకు అక్క. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్లయ్యాక కూడా అతను నాకు బావే, ఆమె నేను 'నువ్వు' అని పిలిచే అత్తే. మాకు పిల్లలు లేరు. మొరప్పూర్ పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా మా పెంకుటిల్లు. వెనక పెరడు, పెరట్లో రెండు ఆవులు, అత్త కోళ్లు. బావ సైకిలుకు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి పోయేవాడు. పోయిన ఏడు దీపావళి వచ్చే అయిప్పసి నెల వానల్లో, ఒక మధ్యాహ్నం అన్నం తిని, గుండెల్లో మంటగా ఉందని చిన్నగదిలో చాప వేసుకుని పడుకున్నాడు. నేను మజ్జిగ కలిపి తెచ్చేలోపు అంతా అయిపోయింది. యాభై కూడా నిండని మనిషి.

ఆ రోజు నక్షత్రం మంచిది కాదన్నారు. అవిట్టం నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాలున్నాయి. వాటిలో ఎవరైనా పోతే దాన్ని మేము అడైప్పు అంటాం. ఆంధ్రాలో ధనిష్ఠా పంచకం అంటారట. చావు జరిగిన ఇంటిని విడిచిపెట్టాలి, వేరే ఇల్లు లేనివాళ్లు కనీసం ఆ గదికైనా ఆరు నెలలు తాళం వేయాలి. పంచాంగం చూసే పెద్దాయన వచ్చి ఈ మాట చెప్పాడు. పిల్లి ఎదురొస్తే కూర్చుని నీళ్లు తాగి లేచే మనిషి మా అత్త, శాస్త్రమంటే అంత భయం. అలాంటిది ఆ ఒక్క మాటకు ఎదురు తిరిగింది.

"నా బిడ్డను లోపల పెట్టి తాళం ఏస్తారా మీరు?"

"బిడ్డ ఆడ లేడు తల్లీ," అన్నాడాయన.

అత్త లేచింది. తన చాప, దిండు తీసుకుని చిన్నగదిలోకి పోయి, బావ పడుకున్న చోటే పడుకుంది. కర్మలన్నీ అయ్యాక కూడా అక్కడే. పొద్దున ఒకసారి లేచి, కొంగులో గింజలు పోసుకుని వెనక వాకిట్లో నిలబడి "బ్బా… బ్బా…" అని కోళ్లను పిలిచేది. గింజలు అయిపోగానే మళ్లీ గదిలోకి. నేను అన్నం పెడితే రెండు ముద్దలు తినేది, మూడోదానికి చెయ్యి అడ్డం పెట్టేది. పలకరిస్తే ఊ అనేది, తర్వాత తర్వాత అది కూడా మానేసింది.

బావ కోసం ఏడ్చే తీరిక నాకు దొరకలేదని చెబితే ఎవరూ నమ్మరు. అత్తను నిలబెట్టుకోవాలన్న భయమే నన్ను తరిమింది. పొద్దున లేస్తే పాలకేంద్రంలో తమిళం, కొట్లో తమిళం, బస్సులో తమిళం. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే, మా ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే నోరు ఆమెదొక్కటే. ఆ నోరు కూడా మూతపడితే నేను ఎవరితో కోప్పడాలి, ఎవరితో మొరపెట్టుకోవాలి? ఆమె రోజురోజుకూ ఎండిపోతుంటే చూస్తూ అన్నం కలిపేదాన్ని. ఆమెను ఆ గది గడప దాటించేవి కోళ్లు మాత్రమే, నేను కాదు. ఆ సంగతి నాకు కోపంగానే ఉండేది, అయినా కోళ్లకు దండం పెట్టుకునేదాన్ని.

వైకాసి నెల ఎండల్లో ఆ కోళ్లకు తెల్ల పారుడు రోగం, అదే కొక్కెర తెగులు, తగిలింది. పొద్దున గింజలు తిన్న కోడి సాయంత్రానికి మెడ వంకర తిప్పుకుని కూర్చునేది, మర్నాటికి కాళ్లు చాపేది. మూలిగే నక్క మీద తాటిపండు పడడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. పెరటినిండా తిరిగే కోళ్లలో చివరికి మిగిలినవి ఒక పుంజు, ఎదుగుతున్న కొన్ని పిల్లలు, అత్త తన చాప పక్కన బుట్టలో పెట్టుకుని పెంచిన బొల్లిపెట్ట. కోళ్లు తగ్గేకొద్దీ అత్త వాకిట్లో నిలబడే సేపు కూడా తగ్గింది. ఒకరోజు గింజలు కొంగులో ఉండగానే వెనక్కి తిరిగి పోయింది. ఆ గింజల్ని రాత్రి ఆమె చాప మీద నుంచి ఏరాను.

మర్నాడే మాటాస్పత్రికి పరుగెత్తాను. పశువుల ఆసుపత్రిని మేము అలాగే అంటాం. అక్కడి డాక్టరమ్మ మంచిది, నా మొహం చూసి కుర్చీ చూపించింది. మిగిలినవాటికి టీకా వేస్తానని, రోగం తగిలినవాటికి మందు లేదని తమిళంలో చెప్పింది. "చచ్చిన కోళ్ల రెట్టంతా మీ పెరటి మట్టిలో కలిసిపోయింది. బతికినవి ఆ మట్టిని కెలకకుండా చూడండి. వాటిని మూసి పెట్టండి, కానీ ఒకేచోట పెట్టొద్దు. రోజూ కొత్త నేల మీదికి మార్చండి," అంది. అలా చేస్తే బతుకుతాయా అని అడిగాను. ఏమో అన్నట్టు చేతులు తిప్పింది.

పెరటి వెనక ఆవుల మేతకని వదిలిన గడ్డినేల ఉంది. కొత్త నేలకు కొదవ లేదు. రోజూ జరిగే గూడే కావాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు కోళ్ల గూడు కట్టి ఉండడు, కట్టి ఉంటే దాన్ని కూడా చేర్చేవాడు. నాకు సుత్తి పట్టడమే రాదు. మొదట ఆవుల కొట్టంలో మిగిలిన వేపచెక్కలు మేకులతో కొట్టి ఒక పెట్టె చేశాను. దాన్ని ఎత్తడానికి నా బలం చాలలేదు, ఆవును కట్టి లాగించాల్సి వచ్చేటట్టుంది. విప్పేసి, సవుకు, అంటే సరుగుడు కట్టెలు తెచ్చి, గుడిసె చూరులాగా రెండు వైపులకూ వాలుగా కట్టి, ఇనుప వల చుట్టాను. అదీ బరువే. చక్రాలుంటే తప్ప ఆడమనిషి చేతికి కదలదని తేలింది. చక్రాలు ఎక్కడున్నాయో నాకు మొదటి నుంచీ తెలుసు, అటు చూడకుండా ఉండడానికే ఇన్ని తిప్పలు పడ్డాను. బావ సైకిలు గోడకు ఆనించి ఉంది.

అది విప్పుతున్నప్పుడు నా మోచేయి తగిలి బెల్లు మోగింది. వెంటనే లోపల చాప కదిలింది. అత్త వాకిట్లోకి వచ్చి నిలబడింది. నన్ను చూడలేదు, వీధి గేటు వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు చూశాక పానా కింద పెట్టేశాను. విప్పిన చక్రం పక్కనే కూలబడి ఏడ్చాను. ఆమె మాత్రం ఏడవలేదు, మెల్లగా నా దగ్గరికి వచ్చి సైకిలు వైపు చూసి, "గొలుసు ఊడబెరకొద్దు. గొలుసును ముట్టుకుంటే వాడికి కోపం వస్తాది," అంది.

చాలా రోజుల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన నిండు మాట అది. అందుకే నేను గొలుసు తీయలేదు. వెనక చక్రం పళ్ల మీద దాన్ని అలాగే ఉంచి, కొసలను గూటి కట్టెకు తీగతో బిగించాను. ఒక కొసన రెండు చక్రాలు, రెండో కొసన పట్టుకోవడానికి రెండు పిడికర్రలు. పిడికర్రలు ఎత్తితే బరువు చక్రాల మీద పడుతుంది, దించితే గూడు నేలకు అతుక్కుంటుంది. మొదటిసారి లాగినప్పుడు వెనక చక్రం టిక్ టిక్ టిక్ మంది. గొలుసు బిగించి ఉంది కాబట్టి తిరిగినప్పుడల్లా ఆ చప్పుడు. బావ గేటు తీసుకుని సైకిలు నడిపించుకుంటూ లోపలికి వచ్చినప్పుడు వినిపించే చప్పుడు అదే. ఆపేద్దామని తల తిప్పేసరికి అత్త వాకిట్లో నిలబడి వింటోంది.

ఆ తర్వాత ఆ చప్పుడే మా పొద్దు. నేను గూడు జరపగానే ఆమె బయటికి వచ్చేది. నాలుగు రోజులు ఉత్తినే నిలబడింది, అయిదోనాడు నా పనికి వంకలు పెట్టడం మొదలుపెట్టింది. గూడు లాగేటప్పుడు వెనక కట్టె కింద ఒక పిల్ల కాలు నలిగింది. "కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని నన్ను తిట్టి, వెనక కట్టెను కాస్త పైకి ఎత్తి కట్టమని, ఆ సందులో సైకిలు ట్యూబు ముక్కలు చారలు చారలుగా వేలాడదీయమని చెప్పింది. ట్యూబు తోకలు కాళ్లకు తగలగానే పిల్లలు వాటంతట అవే ముందుకు నడిచేవి. ముంగిస నేల తవ్వి దూరబోతే, చుట్టూ పావడా అంచులాగా ఇనుప వల పరిపించింది. గుడ్లు పెట్టడానికి పెయింటు డబ్బా అడ్డంగా కట్టించింది. పైకప్పుకు నేను ఎవరిదో చెవులు కుట్టిన పండుగ ఫ్లెక్సు తెచ్చి కప్పాను. దాని మీద కిరీటం పెట్టుకున్న చిన్నపిల్ల ఒకతి పళ్లు బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది. "ఎవురీ మహాలక్ష్మి?" అంది అత్త. నాకు తెలియదంటే, "మన కోళ్లకు తెలస్తాదిలే," అంది. ఆ రోజు మూడో ముద్ద తింది. నాలుగోది కూడా తింది.

పడుకోవడం మాత్రం చిన్నగదిలోనే. దాని గురించి నేను ఎత్తలేదు. వచ్చినంతవరకూ చాలనుకున్నాను.

ఆడికి ముందు నెల ఆణి చివరిలో ఆమె క్యాలెండరు చీటీ చూసి రమ్మంది. తొమ్మిది నెలలుగా తేదీ అడగని మనిషి తేదీ అడిగింది. "ఆణి పోతే మళ్లా ఆవణి దాకా ముహూర్తం లే. గూటికి పాలు పొంగించేద్దాము," అంది. వేరే ఏ కోడలైనా వింటే తలకొట్టుకుంటుంది, నేను సంబరపడ్డాను. వేపచెక్క ముక్కను గూటి వాకిలికి అడ్డంగా బిగించి, గడపని చెప్పి పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, మామిడాకులు కట్టింది. గూటి ముందర మూడు రాళ్లు పెట్టి చిన్న గిన్నెలో పాలు పొంగించింది. దారిన పోయేవాళ్లు గేటు మీద చేతులు పెట్టి నవ్వారు. అత్త లెక్కచేయలేదు. బొల్లిపెట్టను చంకలో నుంచి దించి, "కుడికాలు పెట్టి పోమ్మా," అంది. అది ఏ కాలు పెట్టిందో ఎవరూ చూడలేదు, నేను నవ్వుతూ ఆమెనే చూస్తున్నాను.

ఆడి పుట్టిన పొద్దున నేను ఎప్పటిలాగే పోయి పిడికర్రలు ఎత్తాను. అత్త వచ్చి గూటికి అడ్డంగా నిలబడింది.

"ఏంటికి ఎత్తతావు?"

"నిన్నటి చోటు రొచ్చయింది కదా అత్తా."

"ఆడి పుట్టినాది. ఇల్లు ఎత్తగూడదు."

నేను ముందు చెప్పిన నవ్వు ఇదే. "ఇది ఇల్లా అత్తా? కోళ్ల గూడు."

"పాలు పొంగించినాము. గడప పెట్టినాము. ఇల్లు కాకుంటే ఏంది?"

"సరి, ఇల్లే అనుకో. మనం ఇల్లు మారలే. అదే ఇల్లు నాలుగడుగులు నడస్తాది, అంతే."

"పోయిన ఆడిలో వాడూ ఇట్లనే అన్నాడు," అంది అత్త. "ఆవుల కొట్టం ఎత్తి వెనక్కి పెట్టినాడు. వద్దురా, ఆవణి రానీ అంటే, కొట్టం ఇల్లా అని నవ్వినాడు."

నిజమే. పోయిన ఆడిలో బావ కొట్టం జరిపాడు. నేనే కొసలు పట్టుకున్నాను. తర్వాతి మూడో నెలలో పోయాడు. ఆ రెండింటినీ ఒకదానికి ఒకటి ముడివేయాలని నాకు ఎప్పుడూ తోచలేదు. ఆమె తొమ్మిది నెలలు ఆ గదిలో పడుకుని ముడివేసుకుంది. గుండెపోటుకూ కొట్టానికీ సంబంధం లేదని వాదించాను. ఆ రోజు బావను వచ్చి చూసిన డాక్టరు చెప్పింది చెప్పాను, పాలకేంద్రంలో నలుగురు చెప్పిన మాటలు చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు, రాత్రీ తినలేదు.

అయితే జరపనులే అని నేనే దిగివచ్చాను. దిగక ఏం చేసేది? జరిపితే అత్త పోతుంది, జరపకపోతే కోళ్లు పోతాయి, కోళ్లు పోతే మళ్లీ అత్తే పోతుంది. ఎటు తిరిగినా గోడే. దేవుణ్ని కాదు, ఆ పాలు పొంగించిన గిన్నెను తిట్టుకున్నాను.

జరపకుండా కాపాడాలని చేయని పని లేదు. పొద్దునా సాయంత్రం రెట్ట గీకాను. బూడిద చల్లాను, సున్నం చల్లాను, వేరుశనగ పొట్టు పరిచాను. ఆడి గాలికి మసాలా నూరే అమ్మిరాయే ఎగురుతుందంటారు మావైపు. ఫ్లెక్సు ఎగరకుండా ఉంటుందా? కిరీటం పిల్ల నవ్వుకుంటూ పోయి పక్కవాళ్ల మునగచెట్టులో చిక్కుకుంది. అదే పూట వాన కురిసింది. గూడంతా తడిసి, పొట్టు, బూడిద, రెట్ట కలిసి కాలు పెడితే జారే బురద అయింది. గూడు కదలదు కాబట్టి ఆ చప్పుడూ లేదు. చప్పుడు లేదు కాబట్టి అత్త కూడా బయటికి రాలేదు. రెండు ముద్దలకు దిగింది.

ఒకసారి ఆమె కునుకు తీసినప్పుడు దొంగతనంగా పిడికర్రలు ఎత్తాను. చక్రం రెండుసార్లు టిక్కుమందో లేదో, "ఏమే," అని గదిలో నుంచి పిలుపు. నా ఇంట్లో నేనే కోళ్లదొంగలాగా గూడు దించి వచ్చాను.

తర్వాత కోడిపిల్లలు నెత్తురు రెట్ట వేయడం మొదలుపెట్టాయి. డాక్టరమ్మ నీళ్లలో కలపమని పొడి ఇచ్చి, "తడి నేల మీద ఉంచితే ఈ మందు ఎంతపోసినా అంతే," అని విసుక్కుంది. మూలకు ముడుచుకున్న పిల్లను వెంటనే బయటికి తీసి గంప కింద పెట్టేదాన్ని. ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది. ఇంకొకదాన్ని చేతిలో పట్టుకుని చుక్కచుక్కగా నీళ్లు పోస్తుంటే నా అరచేతిలోనే మెడ వాల్చింది. దాన్ని అలాగే పట్టుకుని చిన్నగదిలోకి పోయాను. నాకు ఒళ్లు తెలియలేదు.

"చూడు," అన్నాను. "నీ ఆడి చేసిన పని చూడు. అన్ని శాస్త్రాలూ కోళ్లకేనా? అడైప్పుకు ఈ గదికి తాళం ఎయ్యమంటే ఎయ్యలే నువ్వు. నీ కొడుక్కు ఒక శాస్త్రం, ఈ నోరులేని పిల్లలకు ఒక శాస్త్రమా? చంపు. అన్నీ చచ్చినాక నువ్వూ ఈడే పడుకుని చావు."

అన్నాను. అన్నందుకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు, ఎవరో ఒకరు అనాల్సిన మాట అది. అత్త నా చేతిలోని పిల్లను చూసింది. దాని మెడను వేలితో ఒకసారి ఎత్తి చూసింది.

"కోళ్లు పోతే పోనీ," అంది మెల్లగా. "నాకు తెలీకనా? నేను పెంచిన కోళ్లు. నువ్వు పిడికర్ర ఎత్తినప్పుడల్లా నాకు వాడు కొట్టం ఎత్తినట్టే ఉండాది. ఈ ఇంట్లో ఇంక ఉండేది నువ్వొకతివే. నువ్వు పోతే నేనేం చేసేది?"

నేను ఆమెను నిలబెట్టుకోవడానికి గూడు కట్టాను. ఆమె నన్ను నిలబెట్టుకోవడానికి గూడు ఆపింది. ఇద్దరి మధ్య నా చేతిలో చచ్చిన కోడిపిల్ల ఉంది. బయటికి వచ్చి మునగచెట్టు కింద గుంట తవ్వి దాన్ని పూడ్చాను. అప్పుడు నాకు నిజంగా ఆశ తెగిపోయింది. ఆవులను అమ్మేసి, ఇల్లు మూసి, ఆమెను తీసుకుని ఎక్కడికైనా పోదామనుకున్నాను. ఎక్కడికి? ఆడిలో ఇల్లు కూడా మారకూడదు.

పౌర్ణమి దగ్గరపడిన ఒక పొద్దున గూటి దగ్గరికి పోతే బొల్లిపెట్ట గడప మీద ఉంది. పసుపు వాననీళ్లకు కడుక్కుపోయిన ఆ వేపచెక్క మీద మెడ పెట్టి, బయటికి రావాలనుకున్నట్టు పడి ఉంది. దాన్ని నేను బయటికి తీయలేకపోయాను. లోపలికి పోయి, "అత్తా, బొల్లి," అన్నాను.

ఆమె వచ్చింది. గూడు కదలడం ఆగాక ఆమె బయటికి రావడం అదే మొదలు. గూటి ముందు గొంతుక్కూర్చుని బొల్లిపెట్ట రెక్క సర్దింది. దాని కండ్లు మూసింది. "లోపలే పోయినాదా?" అని అడిగింది.

"లోపలే."

"ఈ పొద్దు ఏమి నక్షత్రం?"

నాకు ఒళ్లు మండింది. కోడి చస్తే నక్షత్రమా అనుకున్నాను. అయినా పోయి క్యాలెండరు చీటీ చూసి వచ్చాను. "అవిట్టం," అన్నాను. అన్నాక గాని అది ఏ మాటో నాకు తట్టలేదు.

అత్త గడప మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆవు అరిచింది, పుంజు తడి బురదలో ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఆమె తల తిప్పి ఇంటి వైపు చూసింది. అక్కడి నుంచి చిన్నగది కిటికీ కనిపిస్తుంది.

"అడైప్పులో పోయినాది," అంది. "చావు జరిగిన ఇల్లు. అడైప్పు అయితే ఆడి అడ్డం రాదు. ఇడిసిపెట్టాల్సిందే." గడప మీది చెయ్యి తీసి, "ఉండేవాళ్లు ఈడ్నే ఉంటే ఉండేవాళ్లూ పోతారు. అందుకే ఇడిసిపెట్టమని చెప్పినారు, పోయినవాళ్ల మీద కోపంతో కాదు," అంది. ఆ మాట నాతో అనలేదు.

బొల్లిపెట్టను తన పాత చీరముక్కలో చుట్టింది. తర్వాత లేచి, నేను ఎప్పుడూ పట్టుకునే కుడి పిడికర్ర తను పట్టుకుంది. "ఎడమది నువ్వు పట్టు," అంది. చక్రాలు బురదలో దిగబడి ఉన్నాయి. ఆమెకు బలం లేదు, నాకూ లేదు. మూడుసార్లు జారి, నాలుగోసారికి ఊడివచ్చింది. టిక్ టిక్ టిక్. పుంజూ, మిగిలిన పిల్లలూ ట్యూబు తోకలు తగిలి ముందుకు నడిచాయి. గడ్డినేల చివరిదాకా, ఎండ పడే చోటుదాకా లాగాం. గూడు దించాక చప్పుడు ఆగింది. అత్త పిడికర్ర వదలకుండా తలవంచి నిలబడింది. ఈసారి గేటు వైపు చూడలేదు.

చేతులు కడుక్కుని ఇంట్లోకి పోయింది. నేను పొయ్యి వెలిగిస్తుంటే చిన్నగదిలో నుంచి చాప ఈడ్చుకుంటూ వచ్చింది, దిండు తెచ్చింది, బొల్లిపెట్ట పడుకున్న బుట్ట తెచ్చింది. అన్నీ నా చాప పక్కన పెట్టింది.

"తాళం యాడుండాది?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా వద్దనిపించింది, ఆ తలుపు మూస్తే ఆమె ఏమవుతుందోనని భయం వేసింది. "ఇంక తాళం ఏంటికి అత్తా? ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయినాయి," అన్నాను.

"నీకు దాటిపోయినాయి," అంది. "నాకు వాడు ఈ పొద్దు పోయినాడు."

తాళం తెచ్చి ఇచ్చాను. తనే వేసింది. వేసి, ఆ తలుపుకు ఆనుకుని కిందికి జారి కూర్చుని, పోయిన అయిప్పసిలో ఏడవాల్సిన ఏడుపంతా గొంతెత్తి ఏడ్చింది. నా తండ్రీ అని, పాలక్యాన్లు దించి రారా అని, మాటలు కట్టి, తెలుగులో ఏడ్చింది. గేటు దగ్గర వీధివాళ్లు చేరి, ఎవరు పోయారని తమిళంలో అడిగారు. పోయి అత్త పక్కన కూర్చున్నాను.